మూడు విజిళ్ళలో పులస పులుసు

పులస పులుసు ఇవాళ వండితే రేపు తినాలంటారు మా అత్తగారు. మట్టి దాక, సరుగుడు కట్టెలు, సన్న సెగ. గరిట పెట్టకూడదు. మంట పెంచకూడదు. పొయ్యి దగ్గర్నుంచి లేవకూడదు. దించాక కూడా ఆ పూట ముట్టుకోకూడదు. ఇరవై ఏళ్ళుగా ఈ కూడదులన్నీ వింటూ, ఆవిడ వండింది తింటూ వచ్చాను. పోయిన సంక్రాంతికి ఆవిడ కాలు బెణికి మంచమెక్కేసరికి వంట నా చేతికొచ్చింది. వచ్చాక తెలిసిందేంటంటే, ఈ పులుసులో ముప్పాతిక వంతు పని ఊరికే కూర్చోవడమే. ఊరికే కూర్చోవడం నాకు చేతకానిదేం కాదు. కడియంలో నర్సరీ ఉన్నవాణ్ణి, మొక్క ఎదిగేదాకా కూర్చోవడమే మా వ్యాపారం. కానీ పొయ్యి ముందు కూర్చుంటే ఫోన్ వేడెక్కిపోతోంది. అందుకని 35 నిమిషాల్లో తేలిపోయే పద్ధతి ఒకటి కనిపెట్టాను.

మీకు కావలసింది పులుసా, పులస వండిపెట్టారన్న పేరా? పులుసు కావాలంటే మా అత్తగారి దగ్గరికి వెళ్ళండి. పేరు చాలనుకుంటే చదవండి.

1. ముందు చుట్టాల్ని పిలవండి, తర్వాత చేపని వెతకండి

సీజన్‌లో మాత్రం ఎవర్నీ పిలవకండి. జూలైలో గోదారికి ఎర్రనీరు తగిలిందంటే సముద్రంలో చేపకి కబురందుతుంది. అంతర్వేది దగ్గర వశిష్ఠలోకీ, యానాం వైపు గౌతమిలోకీ దూరి, వరదకి ఎదురీదుకుంటూ ధవళేశ్వరం దాకా వస్తుంది. సెప్టెంబరు దాకా అదే సంత. ఆ రోజుల్లో వీధికి రెండిళ్ళలో పులస ఉడుకుతుంటుంది. వచ్చినవాళ్ళు మీ పులుసుని ఎదురింటి పులుసుతో పోల్చి చూస్తారు. మనకెందుకీ పరీక్ష?

సంక్రాంతికి పిలవండి. హైదరాబాదులో స్థిరపడ్డ బావమరుదులకి పులస పేరు తెలుసు, నెల తెలీదు. మన పెట్టుబడి అదొక్కటే. పొరపాటున తెలిసినవాడెవడైనా "జనవరిలో పులసేంటి బావా?" అంటే, "ఆగస్టు వరదల్లోది, మీకోసమే డీప్ ఫ్రిజ్‌లో దాచాం" అనండి. ఆ మాటకి వాళ్ళావిడ "అన్నయ్యగారికి మనమంటే ఎంత అభిమానమో" అని కళ్ళొత్తుకుంటుంది. ఇక ఆ తర్వాత పులుసు ఎలా ఉన్నా తినక చస్తారా?

2. ఈదిన చేపకి డబ్బు తగలెయ్యకండి

సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదారిలోకొస్తే పులస. చేప ఒక్కటే. శాస్త్రం దాన్ని టెన్యులోసా ఇలిషా అంటుంది, బెంగాలీలు ఇలిష్ అంటారు. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి, బోలెడు డబ్బు మిగులుతుంది. గుడ్లు పెట్టడానికి మంచినీటికి ఎదురెక్కే దారిలో అది మేత దాదాపు మానేస్తుందట. ఒంట్లో ఉప్పదనం తగ్గి, కొవ్వు రుచి మారి, తెల్లటి పొలుసు మీద ఎర్రబంగారు ఛాయ తేలుతుందట. యానాం వేలంలో ఒక్క చేప 20 వేల రూపాయలు దాటిన రోజులున్నాయంటే అదంతా ఆ ఈతకే. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు పెద్దలు. ఆ సామెత కట్టినవాడు ఎవరి పుస్తెలు అమ్మాడో కనుక్కోండి ముందు.

చేప ఈదితే మనం డబ్బివ్వడమేంటండీ? ఒడిశా నుంచో బెంగాల్ నుంచో ఐసు పెట్టెలో వచ్చినదాన్ని తెచ్చుకోండి. అదీ ప్రయాణం చేసిందే. పైగా లారీలో, పడుకుని.

రంగు మాటంటారా? కడియంలో ఉండి రంగుకి బెంగపడతారా! నర్సరీ సంచుల్లో నింపే ఎర్రమట్టి నాలుగు గుప్పెళ్ళు బకెట్ నీళ్ళలో కలపండి. చేపని పావుగంట ముంచి తీయండి. ఎర్రనీరు తగిలిన చేప అంటే ఇదే. ఇందులో అబద్ధం ఎక్కడుంది? మొప్పలు మాత్రం ఎవర్నీ ఎత్తి చూడనివ్వకండి. చేప అబద్ధమాడలేని చోటు అదొక్కటే.

3. కోసి కడగండి, కడిగి మళ్ళీ కడగండి

తెలిసినవాళ్ళు చేపని నిండుగా ఉన్నప్పుడే కడిగి, ఆ తర్వాత కత్తిపీట ముందు కూర్చుంటారు. కోసిన ముక్క మీద నీళ్ళు ఎక్కువ పోస్తే కొవ్వు పోతుందని వాళ్ళ బాధ. మీరు ముందు కోయించండి. ముక్కల్ని జల్లెడలో వేసి కుళాయి కింద పెట్టి, ఫోన్‌లో కోడిపందెం వీడియో ఒకటి పూర్తయ్యేదాకా వదిలేయండి. వాసన పోతుంది. వాసనతోపాటు ఇంకేం పోయినా దిగులు పెట్టుకోకండి. వాసనే లేనప్పుడు అది పులసో, బొచ్చో ఎవడు చెప్పగలడు?

కడుపులో గుడ్డు కనిపిస్తే తీసి వేరే గిన్నెలో దాచండి. అందరూ లేవకముందే పసుపూ కారం పట్టించి వేపుకుని, నిలబడే తినేయండి. అడిగితే "ఇది పోతు" అనండి.

4. మట్టి దాకకి కుండీ వాడండి

మట్టిపాత్ర లేకపోతే ఎవరూ నమ్మరు, కాబట్టి ఉండాలి. కానీ కొత్త దాక కొంటే దాంతో పెద్ద సంసారం. రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, బియ్యం కడుగు పోసి కాచాలి, నూనె రాసి ఆరబెట్టాలి. చేపకంటే దాకకే సేవ ఎక్కువ. మన ఊళ్ళో మట్టిపాత్రలకి కరువా? కడియపులంక నుంచి వేమగిరి దాకా హైవే వారన చూడండి, మొక్క పక్కన మొక్క, కుండీ మీద కుండీ. మీ పెరట్లోనూ ఒకదాంట్లో క్రోటన్ ఎండిపోయి ఉంటుంది. పీకెయ్యండి. మట్టి దులపండి. వేపపిండి వాసన కాస్త కొడుతుంది గానీ వేప ఒంటికి మంచిదే.

కుండీకి అడుగున కన్నం ఉంటుంది. మొక్క వేరు కుళ్ళకుండా నీళ్ళు దిగిపోవడానికి చేసిన ఏర్పాటది. దానికి గోధుమపిండి ముద్ద కొట్టండి, పైన అరిటాకు ముక్క పరవండి. ముద్ద ఎండేదాకా ఆగమంటారు కొందరు. ఆగే ఓపికే ఉంటే దాకే కొనేవాళ్ళం కదా!

పొయ్యి మీద మాత్రం పెట్టకండి, పగిలి చస్తుంది. వండేది కుక్కర్లో, పెట్టేది కుండీలో.

5. మూడో హెచ్చరిక దాకా కదలకండి

పొయ్యి పక్కన కూర్చుని వండే కూర ఐర్లాండులోనూ ఒకటుంది. గొర్రెమాంసం, బంగాళదుంపలు, ఉల్లిపాయలు కలిపి సన్న సెగ మీద గంటలకొద్దీ మగ్గబెడతారు. వాళ్ళది చలిదేశం. పొయ్యి పక్కన కూర్చుంటే కూరతోపాటు కాళ్ళూ వెచ్చబడతాయి, గిట్టుబాటవుతుంది. మనకి కడియంలో ఆ లాభం కూడా లేదు.

కుక్కరు బయటికి తీసిన చప్పుడుకే మా అత్తగారు మంచం మీంచి అందుకున్నారు. "అల్లుడుగారూ, పులస మీగడలాంటిదండీ. ఆవిరి దెబ్బకి చెదిరిపోద్దండీ." ఇలాంటి గొంతులు మీ ఇంట్లోనూ ఉంటాయి. టీవీ సౌండు పెంచండి.

ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కుక్కరుకీ అదే లెక్క. మొదటి విజిల్‌కి ఉల్లిపాయ మాడిన వాసనొస్తుంది. ఏం ఫర్వాలేదు, పడుకోండి. రెండో విజిల్‌కి పులుసు చిమ్మి గోడ మీది క్యాలెండరుకెక్కుతుంది. తుడవకండి, రేపు ఆ మరకే సాక్ష్యం. మూడోదానికి లేచి స్టవ్ కట్టేయండి. మా అత్తగారి పొయ్యి మీద ఇదే పనికి సాయంత్రం గడిచిపోయేది. మధ్యలో ఆవిడ సెగ తగ్గించడానికి ఒక కట్టె లాగేవారు, మళ్ళీ తోసేవారు, దాక అంచున చెవి పెట్టి పులుసు ఎలా మాట్లాడుతోందో వినేవారు. నిండు దాకలో బుడగ "బుడుక్" అంటే మంట ఎక్కువైనట్టట, "గుస" అంటే సరిపోయినట్టట. కుక్కరుకి ఇంత భాష రాదు, ఒకే మాట, గట్టిగా చెప్తుంది.

6. డబ్బాలన్నీ దించండి

అసలు పద్ధతిలో సరుకు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. నిమ్మకాయంత చింతపండు, ఉల్లిముద్ద, చీరిన పచ్చిమిరపకాయలు, పసుపు, కారం, ఉప్పు, చిటికెడు ధనియాల జీలకర్ర పొడి, నువ్వుల నూనె, నిండుగా వదిలేసిన లేత బెండకాయలు. దించే ముందు కొందరు వెన్న ముద్ద వేస్తారు, కొందరు ఆవకాయ జాడీలో పైకి తేరిన నూనె వేస్తారు. అంతే. ఇంత తక్కువ సరుకుతో వండితే తప్పు దాక్కోవడానికి చోటేదీ?

అల్లంవెల్లుల్లి పేస్టు నాలుగు చెంచాలు వేయండి. గరం మసాలా వేయండి. చికెన్ మసాలా ప్యాకెట్టు చించి బోర్లించండి. టమాటాలు, జీడిపప్పు ముద్ద, సీసాలో దొరికే చింతపండు పేస్టు, ఇంట్లో ఏదుంటే అది. బెండకాయల్ని సన్నగా తరగండి. జిగురొస్తుంది. జిగురుని "చిక్కదనం" అంటారని గుర్తుపెట్టుకోండి. నూనె, ముక్క కనిపించనంత పోయండి. ముక్క కనిపించకపోవడం ముందు ముందు చాలా పనికొస్తుంది.

7. గరిట పెట్టండి

పాతకాలం వాళ్ళు దాకని గుడ్డతో రెండు చేతులా పట్టుకుని మెల్లగా కుదిపి తిప్పుతారు. మీరు ఇనపగరిట దించి అడుగంటా కలపండి. ముక్కలు విరిగి కలిసిపోతాయి. ఎనిమిది ముక్కలుంటే ఎనిమిది మందికీ లెక్క తెలుస్తుంది. అన్నీ కలిసిపోయాక మీరు మూడు ముందే తినేసినా ఎవరికీ దొరకదు.

8. వేడివేడిగా వడ్డించండి

రాత్రంతా ఎందుకు ఉంచుతారో చెప్తాను, మానెయ్యడానికి తేలిగ్గా ఉంటుంది. ఈ చేప నిండా వెంట్రుకల్లాంటి ముళ్ళు. చింతపండు పులుపులో తెల్లవార్లూ నానితే అవి మెత్తబడతాయి, ముక్క పులుసంతా పీల్చుకుంటుంది. మర్నాడు వేడన్నంలో ఆ పులుసు పోసుకుంటే... సరే, ఆ సంగతి వదిలేయండి. అలా మిగిల్చితే రాత్రి ఎవరో ఒకరు లేచి తినేస్తారు. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు నేనే.

అప్పటికప్పుడు వడ్డిస్తే ముళ్ళు సూదుల్లా నిలబడి ఉంటాయి. దీనివల్ల లాభాలు రెండు. జనం అన్నం తక్కువ తింటారు. నోట్లో వేళ్ళుంటాయి కాబట్టి మాట్లాడరు. ముందుగా ఆత్రేయపురం పూతరేకులు తలా నాలుగు పెట్టేస్తే మూడో లాభం, ఆకలి కూడా ఉండదు.

వడ్డించేటప్పుడు కథ చెప్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి బొబ్బర్లంక రేవుకి వెళ్ళానని మొదలెట్టండి. వరద హోరు, పడవ ఊగడం, వల లాగిన ముసలాయన, ఆయన కంట్లో నీళ్ళు. పులస వలలో పడగానే చచ్చిపోతుందన్నది నిజం, అది కూడా కలపండి. అబద్ధాల మధ్య ఒక నిజం ఉంటే మిగతావన్నీ దాని చెయ్యి పట్టుకుని నడిచొచ్చేస్తాయి.

ఆ రోజు నేను కథలో వల లాగుతుండగా మా బావమరిది మూడో ముద్ద దగ్గర ఆగాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక ముల్లు లాగాడు. ఆకు అంచున పెట్టాడు. ఇంకొకటి లాగాడు. దాని పక్కన పెట్టాడు. నారు నాటినట్టు వరసగా పదకొండు పేర్చాడు. వాళ్ళబ్బాయి పక్కన కూర్చుని పైకే లెక్కపెడుతున్నాడు. ఈలోగా కుండీ కింద నుంచి టేబుల్ గుడ్డ మీద ఎర్రటి మరక ఒకటి మెల్లగా పాకడం మొదలెట్టింది. తెల్లటి ముద్ద ఒకటి పులుసులో పైకి తేలింది.

"బావా, ఇందులో ఉండ్రాళ్ళు కూడా వేస్తారా?"

"వెయ్యరా మరి! మా గోదారోళ్ళ పద్ధతి."

మీరూ తడుముకోకుండా ఇదే అనండి. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి. మా కుండీకున్నది ఒక్కటే, కానీ అతని ప్యాంటు ఆ తేడా చూడలేదు.

9. సాకులు ముందే నూరి పెట్టుకోండి

మొదటి సాకు కాలం మీదకి నెట్టండి. "ఇదివరకటి పులస కాదండీ ఇప్పుడొచ్చేది" అంటే వయసు మళ్ళినవాళ్ళంతా మీవైపే. అమ్మినావిడ మీదకి మాత్రం నెట్టకండి. ఆవిడకి తెలిసిందంటే గంప దించి మీ వీధిలోనే నిలబడి సమాధానం చెప్తుంది, అది పక్క వీధికీ వినిపిస్తుంది.

పెద్ద సభ అయితే కాటన్ దొరని లాగండి. 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడాయన. కరువుతో మాడిన డెల్టాకి అన్నం పెట్టాడు, మన నర్సరీలకి కాలవ నీళ్ళూ ఆ పుణ్యమే. అవన్నీ చెప్పకండి. చేప దారికి అడ్డంగా గోడ కట్టాడని మాత్రం చెప్పండి. గంగలో అలహాబాదు దాకా ఎగబాకే ఇలిష్‌కి 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక దారి తెగిందని కూడా జోడించండి. ఇదంతా నిజమే. కూరలో ఉప్పెందుకు ఎక్కువైందన్న ప్రశ్నకి దీంతో సంబంధమేంటని అడిగే తెలివి, ముల్లు దిగిన గొంతుకి ఉండదు. ఒక్క జాగ్రత్త. ఈ జిల్లాలో కాటన్‌కి దణ్ణం పెట్టే తాతలున్నారు. పంక్తిలో అలాంటివారు ఒక్కరున్నా ఈ సాకు మింగేయండి, లేకపోతే చేతికర్ర లేస్తుంది.

10. పక్కింటివాళ్ళతో మంచిగా ఉండండి

సంక్రాంతి మూడు రోజులూ పక్కింట్లో ఎవరో ఒకరి కోడి పందెంలో ఓడుతుంది. ఆ కోసతో వండిన కూర గిన్నెడు గోడ మీంచి అందుకోండి. మా చుట్టాలు ఆ పూట తిన్నది అదే.

11. ఇంటి పెద్దల తీర్పు తీసుకోండి

సాయంత్రం మా అత్తగారికి ఒక గిన్నెలో మిగిలింది పట్టుకెళ్ళాను. దిండుకి ఆనుకుని లేచి కూర్చున్నారు. వేలితో కాస్త తీసి నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించారు. గోదారి జిల్లాలో అల్లుడి మొహం మీద తప్పు చెప్పరు, మర్యాద.

"కోడికూర బాగా కుదిరిందండీ అల్లుడుగారూ" అన్నారు.

దీన్ని మెచ్చుకోలు కిందే రాసుకోండి. ఎవరైనా అడిగితే "మా అత్తగారే మెచ్చుకున్నారు" అనొచ్చు, కూర పేరు అడగరు.

12. కుండీని వృథా చేయకండి

కడిగినా ఆ వాసన పోదు. కడగకండి. మళ్ళీ ఎర్రమట్టి నింపి ముద్దమందారం అంటు ఒకటి నాటి, నర్సరీ ముందు వరసలో, రోడ్డు వైపు పెట్టండి. నేను అలాగే పెట్టాను. గంటలో నాలుగు పిల్లులు దాని చుట్టూ చేరి కూర్చున్నాయి. మొక్కల కోసం కారు ఆపిన ఒకాయన ఆశ్చర్యపోయి అడిగాడు. ఇది పులస కుండీ, చేప ఎరువు పట్టించింది, అందుకే ఖరీదు అన్నాను. 250 రూపాయల కుండీకి 400 చెప్పాను. బేరమాడి 350కి పట్టుకెళ్ళాడు. పిల్లుల్లో రెండు కారు వెనక వేమగిరి జంక్షన్ దాకా వెళ్ళాయట, మా కుర్రాడు చూశాడు.